తోక చూసి చెప్పేస్తాడు

కొంతమంది పిల్లలకు క్రికెటర్ల స్కోర్లు నోటికొస్తాయి. కొంతమందికి సినిమా డైలాగులు. మా అక్క కొడుక్కి మాత్రం విమానాల తోకలు.

విశాఖపట్నంలో మా అక్కావాళ్ల ఇల్లు గోపాలపట్నంలో. ఆ ఊరు తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. విమానాశ్రయం పక్కనే. వాళ్లింటికి బంధువులు వెళితే మాటలు మధ్యలో ఆగిపోతుంటాయి. విమానం నెత్తిమీంచి వెళ్లేదాకా అందరూ నోరు మూసుకుని కూర్చుని, ఆ తర్వాత ఆగిన మాట దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెడతారు. మా పెద్ద మేనకోడలి పెళ్లిచూపుల్లో అబ్బాయి తండ్రి సరిగ్గా జీతం దగ్గరికొచ్చేసరికి విమానం వచ్చింది. ఆయన చెప్పింది ఒకటి, మా బావగారు విన్నది ఒకటి. ఆ తేడా ఏడాదికిగానీ తేలలేదు. ఆ కథ ఇంకోసారి.

మాకది ఒట్టి మోత. మేనల్లుడు మాత్రం అన్నం కలుపుతూ, తలైనా ఎత్తకుండా "డోర్నియర్" అంటాడు. ఇంకాసేపటికి "చేతక్" అంటాడు. మొదట్లో ఊరికే అంటున్నాడనుకున్నాం. ఒకరోజు బావగారు పందెం కట్టి మేడమీదికి వెళ్లి చూసొచ్చారు. పది రూపాయలు పోయాయి. ఆ తర్వాత ఎవరూ పందెం కట్టలేదు.

విశాఖ విమానాశ్రయం సంగతి కొద్దిగా చెప్పాలి. ఏళ్ల తరబడి అక్కడ ప్రయాణికుల విమానాలూ, నౌకాదళం విమానాలూ ఒకే రన్‌వేను పంచుకున్నాయి. అసలు యజమాని నౌకాదళమే. ఆ స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగ. 1991 అక్టోబరు 21న మొదలైంది. మన నౌకాదళానికి విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టే అలవాటుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, ముంబైలో శిక్ర. విశాఖ వంతుకు వచ్చేసరికి మన తెలుగు డేగ దొరికింది. అందుకే హైదరాబాదు విమానం ఎక్కడానికి సూట్‌కేసుతో వెళ్లినవాళ్లు కూడా, అద్దంలోంచి చూస్తే దూరంగా బూడిదరంగు విమానమో హెలికాప్టరో కనబడి "అదేంటది?" అనుకునేవాళ్లు. మావాడు ఆ "అదేంటది?" దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లాడు, అంతే తేడా.

"ఎలా గుర్తుపడతావురా?" అని ఒకసారి అడిగాను.

"మీరు మనుషుల్ని ఎలా గుర్తుపడతారు మావయ్యా? నడక చూసి. ఇదీ అంతే" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. పాఠం మొదలైంది. రెక్క నెత్తిమీద ఉండి, దానికి రెండు పంకాలుంటే అది డోర్నియర్. సముద్రం మీద గస్తీ దాని పని. ముందు భాగమంతా గాజు బుడగలా ఉండి, కింద మూడు చక్రాలు వేలాడుతుంటే చేతక్. 1960ల నుంచీ మన దేశంలో ఎగురుతోందట. ఇక కమోవ్ హెలికాప్టరైతే పసిపిల్లాడు కూడా పట్టేయొచ్చు. రెక్కల చక్రాలు రెండు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైది ఒక వైపు తిరిగితే కిందది రెండో వైపు తిరుగుతుంది. అందుకే మామూలు హెలికాప్టర్లకు తోక చివర ఉండే చిన్న పంకా దానికి అవసరం లేదు.

"అన్నింటికన్నా కష్టమైంది పీ-8ఐ" అన్నాడు, గొంతు తగ్గించి.

కష్టం ఎందుకంటే అది చూడ్డానికి అచ్చం మనం ఎక్కే బోయింగ్ 737లాగే ఉంటుంది. ఉండదా మరి, దాని ఒంట్లో ఉన్నది ఆ 737 ఎముకలే. జలాంతర్గాములను వెతకడానికి తయారుచేసిన విమానం. మొదటిది 2013 మేలో తమిళనాడులోని అరక్కోణం స్థావరానికి వచ్చింది. ప్రయాణికుల విమానానికైతే వరసగా కిటికీలుంటాయి, దీనికి ఉండవు. ప్రయాణికుల విమానాల రెక్కల కొసలు సాధారణంగా పైకి లేచి ఉంటాయి, దీనివి వెనక్కి వాలి ఉంటాయి. ఇంకో గుర్తు తోకలో. మన పీ-8ఐకి తోక చివర తేలు కొండిలాగా ఒక ముల్లు పొడుచుకొచ్చి ఉంటుంది. జలాంతర్గామి అంత ఇనుము నీళ్లలో దాక్కుంటే ఆ చోట భూమి అయస్కాంత శక్తిలో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాను పసిగట్టే పరికరం ఆ ముల్లులో ఉంటుంది. అమెరికా, ఆస్ట్రేలియా వాళ్ల దగ్గరున్న పీ-8లకు ఆ ముల్లు లేదు.

"అంటే ముల్లుంటే మనది, లేకపోతే చుట్టాలది" అన్నాడు. తోక చూసి దేశం చెప్పేస్తాడన్నమాట.

*

చుట్టాలు రావడానికి కారణం విన్యాసాలు. రెండు మూడు దేశాల సైన్యాలు కలిసి చేసే సాధన. పెళ్లికి ముందు మేళం వాళ్లంతా ఒకచోట కూర్చుని శ్రుతి చూసుకోరూ, అలాంటిదే. ఒకరి రేడియోలో మాట ఇంకొకరికి అర్థం కావాలి. ఒకరి హెలికాప్టరు ఇంకొకరి ఓడ మీద దిగగలగాలి. అవసరం వచ్చిన రోజున నేర్చుకుందామంటే కుదరదు.

మలబార్ విన్యాసాలు 1992లో భారత్, అమెరికాల మధ్య మొదలయ్యాయి. జపాన్ 2015 నుంచీ శాశ్వత సభ్యురాలు. 2020లో ఆస్ట్రేలియా మళ్లీ వచ్చి చేరింది. పేరుకు మలబారే అయినా 2020లో మొదటి దశ మన విశాఖ తీరంలోనే జరిగింది. 1995లో పోర్ట్‌బ్లెయిర్‌లో చిన్నగా మొదలైన మిలన్ 2022లో విశాఖకు వచ్చింది. 2019 నవంబరులో అమెరికాతో కలిసి విశాఖలోనూ, కాకినాడలోనూ చేసిన టైగర్ ట్రయంఫ్ అయితే యుద్ధం కోసం కాదు. తుపానో భూకంపమో వస్తే ఆహారం, మందులు, మనుషులను ఎలా చేరవేయాలన్నది అక్కడి పాఠం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి అదే విమానాశ్రయం పైకప్పు ఎగరగొట్టిన సంగతి విశాఖవాళ్లెవరూ మరిచిపోరు. అలాంటి రోజున ఏ దేశపు విమానం వచ్చినా చుట్టమే.

మా నానమ్మ బతికుంటే ఈ చుట్టరికాలు చూసి ముక్కున వేలేసుకునేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. నానమ్మ చనిపోయేదాకా విమానం చప్పుడు వింటే లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. ఆ సముద్రం మీదికే ఇప్పుడు జపాన్ ఓడలు అతిథులుగా వస్తున్నాయి. ఆవిడ చెవులు మూసుకున్న చప్పుడుకే ఆవిడ మునిమనవడు చెవులు రిక్కిస్తున్నాడు.

*

2024 అక్టోబరులో మలబార్ విన్యాసాలు విశాఖలో 8వ తేదీన మొదలయ్యాయి. సరిగ్గా దసరా సెలవులు. మావాడు తొమ్మిదో తరగతి. నేనూ పండక్కి వెళ్లాను. అప్పటికే భోగాపురంలో కొత్త విమానాశ్రయం పనులు సాగుతున్నాయి. ప్రయాణికుల విమానాలు అటు వెళితే ఇంట్లో తెరిపిగా మాట్లాడుకోవచ్చని అక్క ఆశ. మావాడికి ఆ గొడవే పట్టలేదు. ఆస్ట్రేలియా, అమెరికా పీ-8లు విన్యాసాలకు వస్తున్నాయని పేపర్లో చదివిన దగ్గర్నుంచీ మేడ దిగితే ఒట్టు. టిఫిన్ మేడమీదికే. కాఫీ మేడమీదికే. మబ్బు పడితే మబ్బును తిట్టడం.

మూడో రోజు పొద్దున మబ్బుల సందులోంచి ఒక బూడిదరంగు విమానం కనబడి మాయమైంది. "ముల్లు లేదు! మావయ్యా, ముల్లు లేదు!" అని అరిచాడు. నాకైతే విమానమే సరిగ్గా కనబడలేదు. అయినా సరే "లేదురా" అన్నాను. వాడు నావైపు అనుమానంగా చూసి, నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. సరిగ్గా చూడనిదానికి అలా పెట్టుకోవడం వాడి పద్ధతి.

ఆ ప్రశ్నార్థకమే కొంప ముంచింది. దాన్ని కొట్టేయాలంటే దగ్గరగా చూడాలి. దగ్గరగా చూడాలంటే ప్రహరీ దగ్గరికి వెళ్లాలి. సాక్ష్యం కావాలంటే ఫొటో తీయాలి. మర్నాడు మధ్యాహ్నం మేమంతా కునుకు తీస్తుండగా వాళ్ల నాన్న పాత కెమెరా మెడలో వేసుకుని సైకిల్ మీద బయల్దేరాడు.

గంటన్నర తర్వాత బావగారికి ఫోనొచ్చింది. "మీ అబ్బాయి మా దగ్గరున్నాడు, ఒకసారి రండి" అని.

అక్క ఏడుపు, బావగారి చెమటలు, నేను ఆటో కోసం పరుగు. వెళ్లేసరికి వాడు గేటు దగ్గర ఒక గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. యూనిఫారంలో ఉన్న పెద్దాయన కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. పదకొండు ఫొటోలు. తొమ్మిదింట్లో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఒకదాంట్లో వాడి వేలు. ఇంకోదాంట్లో మాత్రం గోడ, గోడ అవతల నిలబడి ఉన్న హెలికాప్టర్లు. అన్నీ చెరిపేయించి, కాగితం మీద సంతకం తీసుకుని, "బాబూ, పెద్దయ్యాక ఈ గేటులోంచే లోపలికి రా, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడొచ్చు" అని భుజం తట్టి పంపించాడు. వేరే రోజు, వేరే మనిషి అయితే ఎలా ఉండేదో తెలియదు.

బయట టీ కొట్టు ఆవిడ అంతా చూస్తూనే ఉంది. "ఏటి బాబూ, ఆకాశం కేసి చూసీవోడివి చూసి ఊరుకోవాల గానీ, ఫొటోలు తీసీవోడివేటి?" అంది. చట్టం తెలిసినవాళ్లు కూడా ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేరు.

*

ఇంటికొచ్చాక అసలు గొడవ. బావగారు నోటుబుక్కులన్నీ పోగేసి "స్టవ్ వెలిగించు" అన్నారు అక్కతో. మొత్తం అయిదు లాంగ్ నోటుబుక్కులు. వాడు నోరెత్తలేదు. గుడ్లనీళ్లు కుక్కుకుని నిలబడ్డాడు. నేను ఆ పుస్తకాలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, కాల్చాలంటే ముందు నన్ను లేపాలి కాబట్టి.

బావగారి భయం వట్టిది కాదు. గ్రీసు దేశంలో ఆలివ్ కాయలకు పేరుపడ్డ కలమాటా అనే చిన్న ఊరుంది. అక్కడా ఇంతే, సైన్యానికీ ప్రయాణికులకూ ఒకే విమానాశ్రయం. 2001 నవంబరులో అక్కడ విమానాలు చూడటానికి వెళ్లిన 12 మంది బ్రిటన్ వాళ్లనూ, ఇద్దరు డచ్చి వాళ్లనూ గూఢచారులంటూ అరెస్టు చేశారు. వాళ్ల నేరం, మావాడిలాగే నోటుబుక్కుల్లో విమానాల నంబర్లు రాసుకోవడం. వాళ్ల దేశాల్లో అదొక సరదా, మనకు తపాలా బిళ్లలు పోగేసినట్టు. అది సరదా అంటే గ్రీసు వాళ్లకు నమ్మబుద్ధి కాలేదు. దాదాపు అయిదు వారాలు జైల్లో ఉన్నారు. 2002 ఏప్రిల్‌లో ఎనిమిది మందికి మూడేళ్లు, ఆరుగురికి ఏడాది శిక్ష వేశారు. ఆ నవంబరులో పైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. మన దగ్గరా 2010లో ఢిల్లీ విమానాశ్రయం పక్కన హోటల్లో దిగి విమానాలు చూసుకుంటున్న ఇద్దరు బ్రిటన్ వాళ్లు పోలీసులకు దొరికిపోయి, వారాల తరబడి ఇల్లు చేరలేకపోయారు.

పైగా మనది విశాఖపట్నం. 2019 డిసెంబరులో ఫేస్‌బుక్ పరిచయాల వలలో పడి ఓడల వివరాలు పాకిస్తాన్‌కు చేరవేశారన్న ఆరోపణ మీద ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేసిన కేసును ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో నడిపారు. ఆ పేరు ఎక్కడిదో విశాఖవాళ్లకు వేరే చెప్పాలా? ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ ఉంది. సైనిక స్థావరాలు నిషేధిత ప్రాంతాలు. 2025 మేలో అయితే సైనిక విమానాశ్రయాల్లో దిగేటప్పుడూ, లేచేటప్పుడూ కిటికీ తెరలు దించమని, ఫొటోలు తీయొద్దని ప్రయాణికులకే ఆదేశాలొచ్చాయి. సరిహద్దులో కాల్పులు జరిగిన నెల అది.

ఒక విమానం ఎక్కడుందో ఒక్కడు చూస్తే ఏమీ కాదు. ఏది ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది అని పదిమంది పది చోట్ల నుంచి రోజూ నెట్‌లో పెడితే, ఎక్కడో కూర్చున్నవాడికి శ్రమ లేకుండా చార్టు తయారవుతుంది. పెట్టినవాళ్లెవరూ దేశద్రోహులు కారు. లైకుల కోసం పెట్టినవాళ్లే.

అయితే బావగారికి రెండో వైపు కూడా చెప్పాను. బ్రిటన్‌లో 1925లో పరిశీలకుల దళం ఒకటి పుట్టింది. ఎక్కువమంది మామూలు మనుషులే. 1940లో జర్మనీ విమానాలు వచ్చిపడుతున్నప్పుడు అక్కడి రాడార్లు సముద్రం వైపే చూసేవి. విమానం తీరం దాటి లోపలికొచ్చాక అది ఏ రకం, ఎటు పోతోంది అని కళ్లతో చూసి, చెవులతో విని చెప్పింది వీళ్లే. మరుసటి ఏడాది వాళ్ల పేరు ముందు 'రాయల్' అని చేర్చి గౌరవించారు. 2004 జనవరిలో స్పెయిన్‌లోని పాల్మా విమానాశ్రయంలో ఒక సరదారాయుడు ఒక తెల్ల విమానాన్ని ఫొటో తీశాడు. అమెరికా గూఢచార సంస్థ మనుషులను రహస్యంగా దేశాలు దాటిస్తున్న విమానాల్లో అదొకటని తర్వాత తేలింది. అలాంటి ఫొటోలు, నోటుబుక్కులే ఆ బండారం బయటపెట్టడానికి పనికొచ్చాయి.

"ఇంతకీ చూడమంటావా, వద్దంటావా?" అన్నారు బావగారు విసుగ్గా.

జవాబు చెప్పకుండా ఒక నోటుబుక్కు తెరిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన అంతవరకూ ఒక్క పేజీ కూడా చదవలేదు. ఎండ ఎటు ఉంది, మోత ఎలా ఉంది, రెక్క ఎక్కడుంది అని ముత్యాల్లాంటి అక్షరాలు. పరీక్ష పేపర్లో ఎన్నడూ చూడని అక్షరాలు. ప్రతి పేజీలో నాలుగైదు ప్రశ్నార్థకాలు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసింది ఒక్కటీ లేదు. ఆ వయసులో నేనైతే అన్నీ అమెరికావే అని రాసేసి ఉండేవాణ్ని. బావగారు చాలాసేపు పేజీలు తిప్పారు. స్టవ్ సంగతి మరిచిపోయారు. అక్క గుర్తుచేయలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఒప్పందం కుదిరింది. గోడ దగ్గరికి వెళ్లకూడదు. కెమెరా మేడ ఎక్కకూడదు. నంబర్లు, టైములు రాసుకోకూడదు. చూసింది స్నేహితుల గ్రూపుల్లో, నెట్‌లో పెట్టకూడదు. మన మేడ, మన కళ్లు, మన చెవులు, అంతే. వాడు నాలుగింటికీ తలూపాడు. "ఫొటో ఒక్కటైనా..." అని నసిగాడు.

"రేపు తీసుకుందువుగాని" అన్నాను.

మర్నాడు బీచ్ రోడ్డుకు తీసుకెళ్లాను. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 ఉంది కదా. 1988 నుంచి 29 ఏళ్లు మన సముద్రాలను కాపలా కాసి, 2017లో రిటైరై, ఆ డిసెంబరు నుంచీ మ్యూజియంగా మారిన రష్యా విమానం. పీ-8ఐకి ముందు దాని ఉద్యోగం చేసింది ఇదే. ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్ల రెక్కలు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు. రన్‌వే మీద చివరిసారి దిగింది ఐఎన్‌ఎస్ డేగలోనే. తర్వాత ముక్కలుగా విప్పి బీచ్‌కి తెచ్చి మళ్లీ బిగించారు. మావాడు దాని చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగాడు. పాత కెమెరాలో చోటు అయిపోయేదాకా ఫొటోలు తీశాడు. ఈసారి ఒక్కదాంట్లో కూడా వేలు అడ్డం రాలేదు. వాళ్ల నాన్నను చక్రం పక్కన నిలబెట్టి "నాన్నా, నవ్వు" అన్నాడు. ఆయన నవ్వలేదుగానీ, పొట్ట లోపలికి లాక్కున్నారు.

తిరిగొచ్చిన నెలకు బావగారి దగ్గర్నుంచి ఫోను. ఆయన తనంతట తాను ఫోను చేయడం అరుదు. ఏం కొంప మునిగిందో అనుకున్నాను.

"ఏవోయ్, పొద్దున మేడమీద కాఫీ తాగుతుంటే ఒకటి వెళ్లింది. వాడు ట్యూషన్‌కి పోయాడు. రెండు ఇంజన్లు. కిటికీలు లేవు. తోకలో ముల్లు ఉన్నట్టే ఉంది" అన్నారు.

"ఉన్నట్టే ఉందా, ఉందా?"

అవతల కాసేపు మాట లేదు.

"వాడొచ్చాక ప్రశ్నార్థకం పెట్టి రాయమన్నాన్లే" అన్నారు.